మందు ఒకటే, తడి పెట్టే తీరు వేరు



హోసూరు కావచ్చు, కృష్ణగిరి కావచ్చు. మత్తూరు, బర్గూరు, వేపనపల్లి, డెంకణికోట కావచ్చు. మీరు ఏ ఊర్లో ఉండి వింటున్నా, ఇంట్లో మగవాళ్ళుంటే వాళ్ళనీ పిలిచి కూర్చోబెట్టుకోండి. ఈరోజు మాట వాళ్ళ ఆరోగ్యం గురించే. నలుగురిలో అడగడానికి మగవాళ్ళు సిగ్గుపడే మాట. రేడియోలో ఆ ఇబ్బంది లేదు. మీరు అడగనక్కర్లేదు, నేనే చెప్తాను.

టెస్టోస్టిరాన్ అనే హార్మోను ఒంట్లో తక్కువైన వాళ్ళకి డాక్టర్లు సూదులు రాస్తారు. ఆ సూదుల్లో రకాలున్నాయి. రెండు మూడు వారాలకి ఒకటి వేసేది ఒక రకం. వారం వారం చిన్న మోతాదులో వేసేది ఇంకో రకం. మూడు నెలలకి ఒకసారి వేసేది మరో రకం. కొన్ని కండలోకి వేస్తారు. కొన్ని చర్మం కింద వేస్తారు. వీటిల్లో ఏది మంచిది?

జవాబు ముందే చెప్పేస్తాను. అన్నింట్లోనూ అసలు మందు ఒకటే. అది రక్తంలో ఎంత నిలకడగా ఉంటుందనే దాంట్లోనే తేడా. మీ రక్తంలో మందును నిలకడగా ఉంచేది, మీరు గడువు తప్పకుండా వేయించుకోగలిగేది ఏదో, అదే మీకు మంచి సూది. నిలకడ ఒకటి, గడువు ఒకటి. ఈ రెండూ మనసులో పెట్టుకుని తక్కింది వినండి.

ముందు ఈ హార్మోను సంగతి చూద్దాం. ఇది మగవాళ్ళ వృషణాల్లో, అంటే బీజాల్లో తయారవుతుంది. తయారు చెయ్యమని ఆజ్ఞ వచ్చేది మాత్రం మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నించి. ఆ గ్రంథి శనగగింజంత ఉంటుంది, అంతే. ఈడొచ్చే వయసులో గొంతు మారేది, మీసం వచ్చేది, కండ పట్టేది ఈ హార్మోను వల్లే. పెద్దయ్యాక కూడా దీనికి పని ఉంది. ఎముక గట్టిగా ఉండాలన్నా, రక్తంలో ఎర్రకణాలు సరిగ్గా ఉండాలన్నా, ఆలుమగల మధ్య కోరిక ఉండాలన్నా ఇది కావాలి.

మరి ఎవరికి తక్కువవుతుంది? ఈడొచ్చాక గవదబిళ్ళలు వచ్చి బీజాలు వాచిన వాళ్ళలో కొందరికి. చిన్నప్పుడు బీజాలు కిందికి దిగకుండా ఉండిపోయిన వాళ్ళలో కొందరికి. క్యాన్సరుకి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకున్న వాళ్ళలో కొందరికి. పిట్యూటరీలో గడ్డ వచ్చిన వాళ్ళలో కొందరికి. ఇంకొకటి ఉంది. దానిపేరు క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్. పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోము జాస్తిగా ఉండటం. సుమారు 600 మంది మగపిల్లల్లో ఒకరు ఇలా పుడతారు. పెళ్ళయి, పిల్లలు కలగలేదని ఆసుపత్రికి పోయేదాకా చాలామందికి ఈ సంగతే తెలియదు.

ఇలాంటి వాళ్ళకి ఈ సూది నిజంగా అవసరం. ఒంట్లో ఊరాల్సింది ఊరనప్పుడు బయటినించి ఇస్తారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. సుగరు ఉన్నాయన ఇన్సులిన్ వేసుకోవడానికి సిగ్గుపడతాడా?

అయితే అలసటగా ఉందన్న ప్రతివాడికీ ఈ సూది కాదు. ఇది గట్టిగా చెప్పాలి. ఒళ్ళు పెరిగినా ఈ హార్మోను తగ్గుతుంది. సుగరున్న మగవాళ్ళలో చాలామందికి ఇది తక్కువగా కనబడుతుంది. 2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం 'మక్కళైత్ తేడి మరుత్తువం' పథకాన్ని మొదలుపెట్టింది మన శూలగిరి పక్కనుండే సామనపల్లిలోనే. సుగరు, బీపీ మాత్రలు ఇంటి గడపకే తెచ్చిచ్చే పథకం అది. అట్లా మాత్రలు తీసుకుంటున్న మగవాళ్ళెవరైనా వింటుంటే ఒక మాట. సుగరు అదుపులోకి వచ్చి, పొట్ట తగ్గితే, ఈ హార్మోను దానంతటదే రవంత పైకి రావచ్చు. ముందు ఆ పని చూడండి.

తక్కువైందో లేదో ఎట్లా తెలుస్తుంది? రక్తపరీక్షతో. ఒక్కసారి చేస్తే చాలదు. వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చెయ్యాలి. పొద్దున్నే, 7 గంటల నించి 10 గంటల లోపల, పరగడుపున రక్తం ఇవ్వాలి. ఎందుకంటే ఈ హార్మోను తెల్లవారే వేళకి ఎక్కువగా ఉంటుంది, సాయంత్రానికి తగ్గుతుంది. ఇది నిద్రతో ముడిపడిన హార్మోను. హోసూరు సిప్‌కాట్‌లో నైట్ షిఫ్టు చేసే తమ్ముళ్ళు ఇది బాగా వినాలి. రాత్రంతా మిషను దగ్గర నిలబడి, పొద్దున్నే గేటు దాటి, నేరుగా ల్యాబుకి పోయి రక్తం ఇస్తే ఆ లెక్కని నమ్మడానికి లేదు. కొన్నాళ్ళు రాత్రిపూట బాగా నిద్రపోయి, అప్పుడు ఇవ్వండి. డాక్టరుకి మీ షిఫ్టు సంగతి చెప్పండి.

చాలా ల్యాబుల్లో డెసిలీటరు రక్తంలో 300 నానోగ్రాముల నించి 1000 దాకా మామూలు అని రాస్తారు. ల్యాబును బట్టి రవంత అటూ ఇటూ ఉంటుంది. రెండుసార్లూ తక్కువ వచ్చి, దాంతోపాటు లక్షణాలు కూడా ఉంటేనే సూది మాట. ఒట్టి అంకె చూసి కాదు, ఒట్టి నీరసం చూసీ కాదు. రెండూ కలవాలి.

ఇప్పుడు సూదుల సంగతికి వద్దాం. మాత్ర మింగితే సరిపోదా అని మీకు అనిపించొచ్చు. ఉత్త టెస్టోస్టిరాన్‌ని మింగితే కడుపులోంచి నేరుగా కాలేయానికి పోతుంది. కాలేయం దాన్ని అక్కడికక్కడే విరిచేస్తుంది. కొవ్వు ఉన్న తిండితో కలిపి మింగాల్సిన క్యాప్సూళ్ళు వేరే ఉన్నాయి. ఒంటికి పూసుకునే జెల్లూ ఉంది. ఈరోజు మాత్రం సూదుల వరకే చెప్పుకుందాం.

ఈ సూదికి పెద్ద చరిత్రే ఉంది. 1889లో పారిస్‌లో బ్రౌన్ సెకార్ అనే పేరున్న శాస్త్రవేత్త, తన 72వ ఏట, కుక్కల బీజాలూ గినీ పందుల బీజాలూ నూరి, ఆ రసాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. వయసు తిరిగొచ్చిందని సభలో చెప్పాడు. లోకమంతా వెర్రెత్తిపోయింది. నిజానికి ఆ నీళ్ళరసంలో హార్మోను దాదాపు లేనే లేదు. ఈ హార్మోను నీళ్ళలో సరిగ్గా కరగదు. ఆయనకి వచ్చిన హుషారు నమ్మకం వల్ల వచ్చిందే. అసలు హార్మోనుని ఎద్దుల బీజాల నించి వేరుచేసింది 1935లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో. అదే ఏడు బూటెనాంట్, రుజిచ్కా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి కనుక్కున్నారు. 1939 రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిని వాళ్ళిద్దరికీ కలిపి ఇచ్చారు.

హార్మోను చేతికొచ్చింది. కానీ ఇంకో చిక్కు వచ్చింది. ఉత్త హార్మోనుని ఎక్కిస్తే ఒంట్లో నిలవదు. తొందరగా కరిగిపోతుంది. రోజూ పొడవాల్సి వస్తుంది. అందుకని దానికి ఒక కొవ్వు ఆమ్లాన్ని అతికించి, నూనెలో కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. అతికించిన ఆమ్లం ఎంత పెద్దదైతే, మందు నూనె నించి రక్తంలోకి అంత మెల్లగా దిగుతుంది. ప్రొపియోనేట్ అనేది చిన్నది. రెండు మూడు రోజులే పనిచేస్తుంది. ఎనాంథేట్, సిపియోనేట్ అనేవి మధ్యరకం. రెండు మూడు వారాలు పనిచేస్తాయి. అన్‌డెకనోయేట్ పెద్దది. రెండున్నర నెలల నించి మూడు నెలల దాకా పనిచేస్తుంది. ఈ పేర్లు మీకు గుర్తుండక్కర్లేదు. డబ్బా మీద ఉంటాయి. మీకు రాసింది పొట్టిరకమా, మధ్యరకమా, పొడుగురకమా అనేది తెలిస్తే చాలు.

ఆ నూనెలు కూడా ఎక్కడో దొరికే వింత నూనెలు కావు. మూడు నెలల సూదిలో ఉండేది ఆముదం. సిపియోనేట్‌లో పత్తిగింజల నూనె. ఎనాంథేట్‌ని కొన్ని కంపెనీలు నువ్వుల నూనెలో ఇస్తాయి, కొన్ని ఆముదంలో ఇస్తాయి. నాలుగు రకాల టెస్టోస్టిరాన్ కలిపి ఒకే సూదిగా వచ్చే 250 మిల్లీగ్రాముల మందు ఒకటి మన మందుల షాపుల్లో పాతకాలం నించీ ఉంది. అందులో ఉండేది చెనక్కాయ నూనె. చెనక్కాయలు పడనివాళ్ళు, తింటే ఒళ్ళంతా దద్దుర్లొచ్చే వాళ్ళు, ఈ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి.

సరే, నిలకడ అన్నాను కదా. అదేమిటో మన సేద్యం మాటల్లో చెప్తాను.

రోజాతోట ఉందనుకోండి. దానికి నీళ్ళు రెండు తీరుల్లో పెట్టొచ్చు. బోరు ఆన్ చేసి, కాలవ తిప్పి, కయ్య నిండేదాకా పారించి, మళ్ళీ మూడు వారాల దాకా అటు తిరిగి చూడకపోవడం ఒక తీరు. మొదటి నాలుగురోజులు మొక్క మొదట్లో నీళ్ళు నిలుస్తాయి. వేరు ఊపిరాడక ఇబ్బంది పడుతుంది. రెండోవారం బాగుంటుంది. మూడోవారానికి నేల నెర్రెలిస్తుంది, ఆకు వాడుతుంది. అప్పుడు మళ్ళీ కయ్య నింపుతారు. రెండో తీరు డ్రిప్పు. అవే నీళ్ళు, కొంచెం కొంచెంగా, తరచుగా ఇవ్వడం. మొత్తం నీళ్ళు లెక్కవేస్తే రెండింటికీ ఒకటే. కానీ మొక్కకి తేడా తెలుస్తుంది.

మూడు వారాలకి ఒకసారి 250 మిల్లీగ్రాముల ఎనాంథేట్ వేయించుకుంటే ఒంట్లో జరిగేది మొదటి తీరే. సూది పడ్డ ఒకటి రెండు రోజులకే రక్తంలో మందు మామూలు కంటే పైకి ఎక్కేస్తుంది. ఆ తర్వాత దిగడం మొదలవుతుంది. రెండోవారం దాటేసరికి చాలామందికి మళ్ళీ అడుగుకి చేరుతుంది. మనిషి కూడా దాంతోపాటే ఎక్కుతాడు, దిగుతాడు. మొదటి వారం హుషారు, దాంతోపాటు ముక్కుమీద కోపం. మూడోవారం నీరసం, చిరాకు, దేనిమీదా మనసు లేకపోవడం. ఈ మార్పు ముందు పసిగట్టేది భార్య. "సూది పడ్డ వారం ఒక మనిషి, అయిపోయే వారం ఇంకో మనిషి" అని ఆమె అంటే, ఆ మాటని డాక్టరు దగ్గర తప్పకుండా చెప్పండి. ల్యాబు కాగితం ఎంత పనికొస్తుందో ఆ మాటా అంతే పనికొస్తుంది.

దీనికి మందు మార్చక్కర్లేదు. తడి పెట్టే తీరు మారిస్తే చాలు. రెండు వారాలకి 200 మిల్లీగ్రాములు వేసే చోట, వారానికి 100 చొప్పున వేస్తే మొత్తం అంతే అవుతుంది. ఎక్కడం తగ్గుతుంది, దిగడం తగ్గుతుంది. మందు అదే, డోసు లెక్క అదే, నిలకడ మాత్రం జాస్తి. కాకపోతే సూది పోట్లు రెండింతలు. ఇది డాక్టరు చెయ్యాల్సిన లెక్క. మీకు మీరు మార్చుకోకండి.

వారం వారం ఆసుపత్రికి పోయి నడుము చూపించుకోవడం ఎవరికైనా కష్టమే. అక్కడే చర్మం కింద వేసే పద్ధతి అక్కరకొస్తుంది. ఇన్సులిన్ వేసుకున్నట్టే. పొట్టమీదో తొడమీదో చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి, సన్నసూదితో, కొవ్వులోకి మెల్లగా వెయ్యాలి. సాధారణంగా వారానికి 50 నించి 100 మిల్లీగ్రాములు. రక్తంలో మందు కండలోకి వేసినప్పుడు ఎంత ఉంటుందో, ఇక్కడా దాదాపు అంతే ఉంటుందని పరీక్షల్లో తేలింది. నొప్పి తక్కువ. నేర్చుకుంటే ఇంట్లోనే వేసుకోవచ్చు. 2018లో అమెరికాలో దీనికోసం నొక్కితే చాలు దానంతటదే వేసే పెన్ను లాంటి పరికరానికి అనుమతి ఇచ్చారు. అయితే బీపీ పెరగొచ్చని దాని డబ్బా మీదే గట్టి హెచ్చరిక ముద్రించారు. వేసిన చోట చిన్న గడ్డలాగా రావొచ్చు. కొన్నాళ్ళకి కరుగుతుంది. ఒకేచోట వెయ్యకుండా, ఈ వారం కుడిపక్క, వచ్చే వారం ఎడమపక్క మార్చుకోవాలి.

ఇక మూడో పద్ధతి. మూడు నెలల సూది. అన్‌డెకనోయేట్ 1000 మిల్లీగ్రాములు, 4 మిల్లీలీటర్ల ఆముదంలో. ఇక్కడ తడి పెట్టడం అరుదే. కానీ నేల వేరు. ఇసకనేలలో పెట్టిన నీళ్ళు నాలుగురోజుల్లో ఇంకిపోతాయి, నల్లరేగడిలో పెట్టిన తడి చాన్నాళ్ళు ఉంటుంది కదా. ఈ మందు అట్లా పట్టి ఉంచి, మెల్లగా వదులుతుంది. మొదటి సూది తర్వాత ఆరు వారాలకి రెండోది. ఆ తర్వాత 10 నించి 14 వారాలకి ఒకటి. ఏడాదికి నాలుగైదు సూదులతో సరి. ఎక్కడం దిగడం చాలా తక్కువ.

ఈ సూదిని ఇంట్లో వేసుకోకూడదు. ఎక్కడపడితే అక్కడ వేయించుకోకూడదు. ఇది ఎట్లా వేస్తారో చెప్తే, ఎందుకో మీకే అర్థమవుతుంది.

గాజుసీసాలో మందు చూడటానికి లేత పసుపురంగులో, చిక్కగా ఉంటుంది. డిసెంబరులో హోసూరు చలికి ఇంకా చిక్కబడుతుంది. నర్సమ్మ ఆ సీసాని కాసేపు పిడికిట్లో పట్టుకుని ఒంటివేడికి తెస్తుంది. లావుసూదితో మందును సిరంజిలోకి లాగుతుంది. నీళ్ళమందులా చప్పున రాదు, సాగుతూ వస్తుంది. తర్వాత ఆ సూదిని తీసేసి, పొడుగాటి వేరే సూది బిగిస్తుంది. మిమ్మల్ని బోర్లా పడుకోమంటుంది. పిర్రని నాలుగు భాగాలు అనుకుంటే, బయటివైపు పైభాగంలో వేస్తుంది. లోపలివైపు వెయ్యదు. అక్కడ కాలికి పోయే పెద్దనరం ఉంటుంది. దానికి సూది తగిలితే కాలు చచ్చుబడొచ్చు. సూది దించాక పిస్టన్‌ని రవంత వెనక్కి లాగి, రక్తం రాలేదని చూసుకుంటుంది. ఆ తర్వాత మొదలవుతుంది అసలు ఓపిక. నాలుగు మిల్లీలీటర్ల ఆముదాన్ని రెండు నిమిషాలపాటు మెల్లగా, చాలా మెల్లగా తోస్తుంది. మీరూ కదలకూడదు.

ఎందుకంత నిదానం? నూనెబొట్టు పొరపాటున రక్తనాళంలోకి పోతే, ఊపిరితిత్తులకి చేరుతుంది. అప్పుడు ఉన్నట్టుండి దగ్గు వస్తుంది, ఆయాసం వస్తుంది, కళ్ళు తిరుగుతాయి. ఇది అరుదు. వచ్చినా చాలావరకు కాసేపట్లో తగ్గుతుంది. కానీ పక్కన చూసేవాళ్ళు ఉండాలి. అందుకే అమెరికాలో 2014లో ఈ మందుకి అనుమతి ఇచ్చినప్పుడు, సూది పడ్డాక ఆసుపత్రిలోనే 30 నిమిషాలు కూర్చోబెట్టాలని నియమం పెట్టారు. మనమూ అది పాటిస్తే పోయేదేముంది? సూది వేయించుకున్న వెంటనే బండి స్టార్ట్ చెయ్యకండి. అరగంట కూర్చోండి.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఎవరికి ఏది?

కృష్ణగిరి అంటేనే పెద్ద రోడ్లు కలిసే చోటు. లారీ తోలే అన్నలు చాలామంది. ఒకసారి ఎక్కితే ఏ నాగపూరో, ఢిల్లీయో. రెండు వారాలకోసారి ఫలానా రోజు ఫలానా ఆసుపత్రికి రమ్మంటే వాళ్ళకి కుదిరే పని కాదు. అట్లాంటి వాళ్ళకి మూడు నెలల సూది అనువు. దుడ్డు ఒక్కసారిగా జాస్తి అవుతుంది. కానీ గడువు తప్పదు.

ఫ్యాక్టరీ పని, పక్కనే ఈఎస్‌ఐ ఆసుపత్రి, తెలిసిన నర్సమ్మ. అట్లాంటాయనకి రెండు వారాల సూది సరిపోవచ్చు. ధర తక్కువ. ఎక్కడైనా దొరుకుతుంది. ఎక్కడం దిగడం ఇబ్బంది పెడితే గడువు దగ్గరికి జరపొచ్చు.

ఇన్సులిన్ అలవాటున్న చెయ్యి, సూదంటే బెదురులేని మనిషి, వారంలో ఒకరోజు తప్పకుండా గుర్తుపెట్టుకునే బుద్ధి. అట్లాంటాయనకి చర్మం కింద వేసే పద్ధతి హాయి.

రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు ఒక మాట వినాలి. కండలో లోతుగా సూది వేస్తే లోపల రక్తం కారి గడ్డలా పేరుకోవచ్చు. ముందే చెప్పండి. వయసు మళ్ళినవాళ్ళు ఇంకో మాట వినాలి. మూడు నెలల సూది ఒకసారి ఒంట్లోకి పోయాక వెనక్కి తియ్యలేం. ఏదైనా తేడా వస్తే మందు తగ్గేదాకా కాచుకోవాల్సిందే. అందుకని పెద్దవయసు వాళ్ళకి ముందు పొట్టిరకంతోనో మధ్యరకంతోనో మొదలుపెట్టి, ఒంటికి పడుతుందా లేదా చూసి, ఆ తర్వాత పొడుగురకానికి పోవడం మేలు.

ఈ సూదులు వాడే ఇంకొంతమంది మన మధ్య ఉన్నారు. ఆడబిడ్డగా పుట్టి, మగవాడిగా బతుకుతున్న తిరునంబులు. ట్రాన్స్‌జెండర్ల కోసం సంక్షేమ బోర్డు పెట్టిన మొదటి రాష్ట్రం తమిళనాడే, 2008లో. నిలకడ మాట, గడువు మాట వాళ్ళకీ ఇంతే. స్నేహితుడు వేసుకున్నాడని అదే డోసు వేసుకోకుండా, డాక్టరు చూపులో ఉండి వాడండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. వయసులో ఉన్నవాళ్ళు, పెళ్ళి కావాల్సిన వాళ్ళు, పిల్లలు కావాలనుకునే వాళ్ళు దగ్గరికి రండి.

ఈ సూది మగతనం పెంచుతుంది కాబట్టి పిల్లలు పుట్టడానికీ పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది సరిగ్గా తలకిందులు. బయటినించి హార్మోను వస్తుంటే, పిట్యూటరీ గ్రంథి "ఇంక మీరు పని ఆపండి" అని బీజాలకి చెప్పేస్తుంది. వీర్యకణాల తయారీ పడిపోతుంది. దీన్ని గర్భనిరోధకంగా వాడొచ్చేమో అని ప్రపంచ ఆరోగ్య సంస్థే పరీక్ష చేయించింది. ఆ ఫలితాలు 1990లో వచ్చాయి. 271 మంది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకి వారానికి 200 మిల్లీగ్రాముల ఎనాంథేట్ ఇచ్చారు. ఆరు నెలల లోపల వాళ్ళలో 157 మందికి వీర్యకణాల లెక్క సున్నాకి పోయింది. ఆపేస్తే చాలామందికి తిరిగొస్తుంది. కానీ నెలలు పడుతుంది. కొందరికి ఏడాది దాటుతుంది.

అందుకని పిల్లలు కావాలనుకునే వాళ్ళకి టెస్టోస్టిరాన్ సూది వద్దు. వారం సూదీ వద్దు, మూడు నెలల సూదీ వద్దు. పిట్యూటరీ నించి ఆజ్ఞ రాకపోవడం వల్ల వచ్చిన లోపమైతే, బీజాలనే పనిచేయించే వేరే సూదులున్నాయి. ఆ దారి ఎండోక్రైనాలజిస్టు చూపిస్తారు. హార్మోన్ల డాక్టరు అన్నమాట. మనవాళ్ళు దీనికోసం వేలూరు సీఎంసీకి పోతుంటారు, బెంగుళూరుకి పోతుంటారు. ముందు దగ్గర్లోనే చూపించుకోవాలంటే కృష్ణగిరిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. 2022 జనవరిలో ప్రారంభించారు. అక్కడినించి చీటీ రాయించుకుని పోవచ్చు.

జిమ్ముకి పోయే తమ్ముళ్ళకీ ఇదే మాట. కండ కోసం ఎవరో ఇచ్చిన సీసా ఎక్కించుకోకండి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇది. పాతికేళ్ళకి కండ చూసుకుని మురిసిపోయి, ముప్పై ఏళ్ళకి పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరగడం ఎందుకు? లాడ్జీలో మకాం పెట్టి, నరాల బలహీనతకి గ్యారంటీ అని గోడలమీద కాగితాలు అంటించే వాళ్ళ దగ్గరికీ పోకండి. వాళ్ళు ఇచ్చే పొట్లంలో ఏముందో ఎవరు చూశారు?

సూది మొదలుపెట్టాక చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది రక్తం చిక్కబడటం. ఈ హార్మోను ఎర్రకణాలని పెంచుతుందని చెప్పాను కదా. మరీ పెరిగితే రక్తం చిక్కబడుతుంది. హెమటోక్రిట్ అనే పరీక్షలో తెలుస్తుంది. అది 54 శాతం దాటితే సూది ఆపాలి. జెల్లు కంటే సూదుల్లో ఇది జాస్తి. ఒక్కసారిగా పైకెక్కే తీరులో ఇంకా జాస్తి. నిలకడ ఎందుకు కావాలో ఇక్కడ కూడా తెలుస్తుంది. మొదలుపెట్టేముందు ఒకసారి, మూడు నించి ఆరు నెలల లోపల ఒకసారి, తర్వాత ఏడాదికొకసారి ఈ పరీక్ష చేయించాలి. వయసును బట్టి ప్రోస్టేట్ గ్రంథికి పీఎస్‌ఏ పరీక్ష కూడా రాస్తారు. ప్రోస్టేట్ క్యాన్సరున్న వాళ్ళకి, ఈమధ్యే గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినవాళ్ళకి ఈ సూది వెయ్యరు. నిద్రలో పెద్దగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యే వాళ్ళు ముందు దానికి వైద్యం చేయించుకోవాలి.

ఇంకొకటి. మందు ఒంట్లో ఎంతుందో చూసే పరీక్షకి కూడా సరైన రోజు ఉంది. ఎనాంథేట్, సిపియోనేట్ కండలోకి వేయించుకునే వాళ్ళు, రెండు సూదులకీ సరిగ్గా మధ్యరోజున రక్తం ఇవ్వాలి. చర్మం కింద వారం వారం వేసుకునేవాళ్ళు, మూడు నెలల సూది వాళ్ళు, తర్వాతి సూదికి ముందు ఇవ్వాలి. కయ్య నింపిన మర్నాడు చేను చూసి, నీళ్ళు బాగున్నాయి అంటే లెక్క తప్పుతుంది కదా. సూది పడ్డ రెండోరోజు రక్తం ఇస్తే లెక్క అట్లాగే తప్పుతుంది. ల్యాబు కాగితం మీద "ఆఖరి సూది ఫలానా తేదీన" అని రాయించండి. ఇంట్లో క్యాలెండరు మీద సూది పడ్డ రోజున గుర్తుపెట్టండి. కుడిపక్కో ఎడమపక్కో అదీ రాయండి. ఒళ్ళెట్లా ఉందో, నిద్రెట్లా పట్టిందో వారానికి ఒక్క మాట రాయండి. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఆ కాగితం, ల్యాబు కాగితం తీసుకుని, కుదిరితే ఇంటావిడనీ పిలుచుకుని పోండి.

డాక్టరు దగ్గర "ఏ సూది మంచిది సార్?" అని అడిగి ఊరుకోకండి. "నాకు తక్కువైంది బీజాల వల్లా, పిట్యూటరీ వల్లా?" అని అడగండి. "నాకు పిల్లలు కావాలి, ఈ సూది పడుతుందా?" అని అడగండి. "నా పని ఇట్లాంటిది, నేను ఏ గడువు తప్పకుండా ఉండగలను?" అని అడగండి. ఈ మూడింటికీ జవాబు దొరికితే, ఏ సూది అనేది దానంతటదే తేలిపోతుంది.

సూది ఎంచుకోవడం ఆఖరి పని. ముందు రక్తం ఇచ్చి రండి, రెండు పొద్దుల్లో రెండుసార్లు. షిఫ్టు దిగి కాదు, నిద్రలేచి.